రెండు క్యాలెండర్లు, ఒకే ఇల్లు: బడి ఏడాది ఆఖరి నెలలు గట్టెక్కడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ల నుంచి ఏటా ఫిబ్రవరి నెలాఖరుకు వచ్చే ప్రశ్న ఒకటే. "పరీక్షలు, ఫీజులు, టీసీలు, పెళ్లిళ్లు అన్నీ ఒక్కసారే మీద పడుతున్నాయి, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?"

మీ అవస్థ విజయవాడలో ఉన్నవాళ్ల అవస్థ లాంటిది కాదు. వాళ్ల ఇంట్లో ఒకటే క్యాలెండరు నడుస్తుంది, మీ ఇంట్లో రెండు. ఒడిశా బడుల్లో ఏడాది మార్చితో ముగుస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్త తరగతి మొదలైపోతుంది, ఆ తరవాత గానీ ఎండాకాలం సెలవులు రావు. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రలోకి వెళ్లారంటే ఏప్రిల్ 23 ప్రాంతం దాకా పాత తరగతే, కొత్తది జూన్ 12న. అంటే మీ పిల్ల కొత్త పుస్తకాల సంచి మోసుకుని పొద్దున్న ఆరున్నరకు బడికి పోతున్న రోజుల్లోనే అవతలి ఊళ్లో మేనత్త కొడుకు ఇంకా పరీక్షలు రాస్తుంటాడు. అమ్మమ్మ ఊరికి ఎప్పుడెళ్లాలి, పెళ్లికి ఎవరొస్తారు, టీసీ ఎప్పుడు తీసుకోవాలి అన్న చిక్కులన్నీ ఇక్కడే పుడతాయి. వీటిని తలలో మోయకుండా గోడ మీదికీ ఫైలులోకీ ఎక్కించెయ్యాలి. ఎలాగో కింద ఉంది.

కావలసినవి

- పెద్ద గళ్ల గోడ క్యాలెండరు ఒకటి. బట్టల కొట్టువాళ్లో నగల కొట్టువాళ్లో ఇచ్చేది చాలు. గడిలో నాలుగు మాటలు రాసే చోటుండాలి. తిథులు, వర్జ్యాలతో నిండిన తెలుగు క్యాలెండరు ఈ పనికి కుదరదు. దాన్ని దాని మేకుకే ఉండనివ్వండి.
- స్కెచ్ పెన్నులు. పిల్లకొక రంగు, పెద్దవాళ్లకు ఒకటి. ఎరుపు ఎవరికీ ఇవ్వకండి, అది గడువు తేదీల రంగు.
- పిల్లకొకటి చొప్పున 20 జేబుల ప్లాస్టిక్ ఫైలు.
- పాస్‌పోర్టు ఫొటోలు పిల్లకు 12, వెనక తెల్లగా ఉన్నవి. వాటి ఫైలు ఫోన్లో కూడా పెట్టించుకోండి.
- వంద పేజీల నోటుబుక్కు (ఇక్కడి బడి పిల్లల మాటలో "ఖాతా") ఒకటి.
- అట్టపెట్టెలు రెండు, లావు మార్కరు ఒకటి.

1. రెండు రాష్ట్రాల తేదీలూ ఒకే గోడ మీదికి

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ముప్పావు గంట తీసుకుని ఈ వరసలోనే రాయండి. ముందు మీ పిల్లల పరీక్షలు. తరవాత ఫీజుల గడువులు, ఫలితాల రోజు, కొత్త తరగతి మొదలయ్యే రోజు, ఒంటిపూట బడి మొదలయ్యే రోజు. ఇవన్నీ ఎక్కాక అవతలి వైపు: మీ చుట్టాల పిల్లల పరీక్షలు, వాళ్ల సెలవులు. ఆఖరున పండగలు, శుభకార్యాలు. ఉగాది, శ్రీరామనవమి, ఏప్రిల్ 14 దగ్గర్లో వచ్చే పణా సంక్రాంతి. బరంపురం వాళ్లయితే రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే ఠాకురాణి యాత్ర కూడా రాసుకోవాలి. యాత్ర ఉన్న ఏడు ఇంటికి చుట్టాల రాకపోకలు, రాత్రిళ్లు వీధుల్లో సందడి తప్పవు. ఆ వారాల్లో పిల్ల ఏ గదిలో చదువుతుందో, ఎన్నింటికి పడుకుంటుందో ముందే అనుకోండి.

పండగలను ముందు రాసి వాటి సందుల్లో పరీక్షలు ఇరికించడం చాలామంది చేసే తప్పు. అలా చేస్తే గడులు పండగలతో నిండిపోయి, ప్రాక్టికల్ పరీక్ష ఓ మూలన చిన్న అక్షరాల్లో మిగులుతుంది.

తేదీలు రెండువైపులా ఎంత తేడాగా ఉంటాయో చూడండి. 2025లో పదో తరగతి బోర్డు పరీక్ష ఒడిశాలో ఫిబ్రవరి 21న మొదలైతే ఆంధ్రలో మార్చి 17న మొదలైంది. సెలవుల సంగతి ఇంకా చిత్రం. ఎండలు ముదిరితే ఒడిశా ప్రభుత్వం సెలవులను ముందుకు జరిపేస్తుంది. 2024లో ఏప్రిల్ 25 నుంచి, 2025లో ఏప్రిల్ 23 నుంచి ఇచ్చేశారు. ఈ కబురు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. కాబట్టి బడి ఆఫీసుతో పనేదైనా "ఏప్రిల్ నెలాఖరున చూసుకుందాం" అనుకోవద్దు. ఏప్రిల్ 15నే మీ నెలాఖరు అనుకోండి.

గడువు తేదీని రాసేటప్పుడు అసలు తేదీ గడిలో రాయకండి. దానికి మూడు రోజుల ముందు గడిలో ఎర్రగా రాయండి. 20న ఆఖరంటే 17న ఎరుపు. ఆఖరి రోజున సర్వరు మొరాయిస్తుంది, క్లర్కు సెలవు పెడతాడు, కరెంటు పోతుంది.

ఒడియా నోటీసులు చదవడంలో ఒక చిక్కు ఉంది. ఒడియా అంకెల్లో నాలుగు చూడ్డానికి మనకలవాటైన ఎనిమిదిలా ఉంటుంది. బడి గోడ మీదో, వాట్సాప్ ఫొటోలోనో "18వ తేదీ" అని మీరు చదివింది 14 కావచ్చు. పరీక్ష టైంటేబుల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. ఫోన్లో అనువాదం చేసే యాప్‌ను నమ్ముకోవచ్చు గానీ, మసగ్గా ఉన్న ఫొటోలో అంకెల దగ్గర అదీ తడబడుతుంది. దారి ఒకటే: తేదీ పక్కన ఉన్న వారం పేరుతో సరిచూడండి. సోమవారం అని ఉండి, మీ క్యాలెండర్లో ఆ తేదీ శుక్రవారం పడితే మీరు చదివింది తప్పు. వారం పేరు లేకపోతే ఒడియా చదివే పక్కింటివాళ్లకు చూపించండి, లేదా పిల్లనే చదవమనండి. పిల్లలకు మనకన్నా బాగా వచ్చు.

ఫోన్ క్యాలెండరొక్కటే చాలదా అంటే, చాలదు. ఫోన్లో ఉన్నది ఒక్కరికే తెలుస్తుంది. గోడ మీద ఉంటే తాతయ్య కూడా "రేపు బుజ్జిదానికి లెక్కలు" అని గుర్తుచేస్తారు. కావాలంటే ఎర్ర తేదీల వరకు ఫోన్లో అలారం పెట్టుకోండి.

2. శుభకార్యాలకు మాట ఇచ్చేముందు గోడ చూడండి

మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో ముహూర్తాలు దట్టంగా ఉంటాయి. ఫోన్లో పిలుపు రాగానే "తప్పకుండా వస్తాం" అనేస్తే ఆ మాట మింగలేరు, కక్కలేరు. మీరు చేయాల్సిందల్లా ఒక్క రోజు గడువడగడం. "క్యాలెండరు చూసి పొద్దున్నే చెప్తాను వదినా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

చూశాక మూడు రకాల జవాబుల్లో ఒకటి ఖాయం చేసుకోండి. అందరూ వెళ్లడం, ఒకరు మాత్రమే వెళ్లడం, తరవాత వెళ్లి కొత్త జంటను దీవించి రావడం. ఒకరే వెళ్తున్నప్పుడు స్పష్టంగా చెప్పాలి. "బావగారూ, చిన్నాడి పరీక్ష ఇరవైకి అయిపోతుంది. పందిరిరాటకి రాలేం గానీ ముహూర్తం పూటకి మీ తమ్ముడు అక్కడుంటాడు." ఇలా తేదీతో సహా చెప్తే నిష్ఠూరం తక్కువ. "చూద్దాం, వీలైతే..." అన్న జవాబే అందరినీ నొప్పిస్తుంది, మీకూ ఆఖరి నిమిషం దాకా నలుగుడు తప్పదు.

పరీక్ష ముందురోజు రాత్రి ప్రయాణం చేసి తెల్లారి నేరుగా బడి దగ్గర దిగే ఏర్పాటు మాత్రం చేయకండి. గుణుపురం–నౌపడా లైన్లో రైలు ఆలస్యమైతే అక్కడ ప్రత్యామ్నాయం తక్కువ.

3. పేరు సరిచూడడం: అన్నిటికన్నా ఎక్కువ టైము దీనికే ఇవ్వండి

మిగతా పనులు ఓ వారం వెనకబడ్డా సర్దుకోవచ్చు. పేరులో తప్పు పదేళ్లు వెంటాడుతుంది. సరిహద్దు జిల్లాల్లో ఇది ఎక్కువ, దానికి కారణాలున్నాయి.

మొదటిది ఇంటిపేరు. మన అలవాటు ఇంటిపేరు ముందు, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరం. ఒడిశా బడి ఫారాల్లో ఇంటిపేరు ఆఖరున పూర్తిగా రాయాలి. దాంతో "పి. వెంకటలక్ష్మి" ఒక కాగితంలో అలాగే ఉంటుంది, ఇంకో దాంట్లో "వెంకటలక్ష్మి పొట్నూరు" అవుతుంది, మూడోదాంట్లో క్లర్కు తోచినట్టు "పొట్నూరు వెంకట లక్ష్మి" అని మూడు ముక్కలు చేస్తాడు.

రెండోది ఒడియా రాత. ఒడియా వాడుకలో 'వ'కూ 'బ'కూ ఒకటే అక్షరం. రిజిస్టరులో ఒడియాలో రాసిన పేరును ఎవరైనా ఇంగ్లీషులోకి ఎత్తి రాస్తే వెంకట కాస్తా బెంకట అవుతుంది, వాసు బాసు అవుతాడు. ఇంగ్లీషులో వీ రాయాల్సిన చోట బీ పడిందా అని ప్రతి కాగితంలోనూ వేలు పెట్టి చూడండి.

చేయాల్సింది ఇది:

క) నోటుబుక్కులో పిల్లకొక పేజీ తీయండి. పైన జనన ధ్రువపత్రంలో ఉన్న ఇంగ్లీషు పేరును అక్షరం అక్షరం రాయండి. పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు కూడా.

ఖ) కింద వరసగా ఆధార్, బడి రిజిస్టరు, ప్రోగ్రెస్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, అపార్ కార్డు (విద్యార్థులకు దేశమంతటా ఒకటే గుర్తింపు సంఖ్య ఇచ్చే కార్డు). ఒక్కోదానిలో ఉన్న పేరు ఉన్నట్టుగా రాయండి. "దాదాపు అదే" అని టిక్కు పెట్టేయకండి. మధ్యలో ఖాళీ ఉందా, చుక్క ఉందా అన్నది కూడా రాయాలి.

గ) తేడా ఉన్నదాని చుట్టూ ఎర్ర గీత గీయండి. తల్లిదండ్రుల పేర్లను కూడా వదలకండి. "రావు" ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు, అక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

ఘ) ఏది సరిదిద్దాలో నిర్ణయించుకోండి. పిల్ల ఎనిమిది లోపు చదువుతుంటే జనన పత్రాన్ని ఆధారం చేసుకుని ఆధార్‌నూ బడి రిజిస్టరునూ దానికి కలపండి. పిల్ల తొమ్మిదిలోకి వెళ్తుంటే తొందర ఎక్కువ. కటక్ బోర్డుకైనా (ఒడిశా పదో తరగతి బోర్డు) సీబీఎస్‌ఈకైనా రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది, పదో తరగతి సర్టిఫికెట్టు మీద అచ్చయ్యేది ఆ పేరే. పదో తరగతి ఇప్పటికే అయిపోతే ఆ సర్టిఫికెట్టే ఇక ప్రమాణం. మిగతావన్నీ దానికి కలపండి, దాన్ని మార్చే ప్రయత్నం ఆఖరి దారిగా ఉంచుకోండి.

పిల్లలకు ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప ఇవ్వాలి. మీ పిల్ల ఆ వయసులో ఉంటే ఏప్రిల్, మే నెలల దాకా ఆగకండి. ప్రవేశాల దరఖాస్తులు మొదలవగానే ఆధార్ కేంద్రాల దగ్గర వరస పెరిగిపోతుంది. ఫిబ్రవరిలో ఒక శనివారం ఖాళీగా దొరుకుతుంది.

పని అయిందని ఎలా తెలుస్తుంది? క్లర్కు "మార్చేశాను" అన్న మాట లెక్కలోకి రాదు. కొత్త ప్రింటు చేతికొచ్చి, నోటుబుక్కు పేజీలో మీ చేత్తో రాసిన పేరుతో అక్షరం అక్షరం కలిస్తేనే ఎర్ర గీత కొట్టేయండి.

4. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు

బడి మార్చేవాళ్లకే ఇది కావాలి, మార్చనివాళ్లు ఆఖరి రెండు పేరాలు చదివి ముందుకెళ్లండి.

ఒడిశాలో దీన్ని ఎస్‌ఎల్‌సీ అంటారు, ప్లస్ టూ అయ్యాక ఇచ్చేది సీఎల్‌సీ. ఆంధ్రలో టీసీ అంటే ఇదే. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. అడగాల్సినవి నాలుగు. సర్టిఫికెట్టు ఇంగ్లీషులో గానీ రెండు భాషల్లో గానీ కావాలని, కేవలం ఒడియాలో వద్దని చెప్పండి. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. ఏ తరగతి పాసై ఏ తరగతికి అర్హత పొందిందో స్పష్టంగా ఉండాలి. యూడైస్ ప్లస్ (దేశంలోని బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్)లో పిల్లకున్న పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత సంఖ్య) కూడా రాయించుకోండి.

నాలుగో విషయంలో ఇంకో మెట్టు ఉంది, అదే ఎక్కువమంది మరిచిపోయేది. పాత బడివాళ్లు యూడైస్ ప్లస్ పోర్టల్లో పిల్లను డ్రాప్‌బాక్సులోకి పంపాలి. పంపితే గానీ కొత్త బడివాళ్లు ఆ పిల్లను తమ జాబితాలోకి తీసుకోలేరు. కాగితం టీసీ చేతిలో ఉన్నా ఆన్‌లైన్లో పిల్ల ఇంకా పాత బడిలోనే చదువుతున్నట్టు ఉంటుంది, అపార్ పనులూ నిలిచిపోతాయి. కాబట్టి ఆఫీసు గది వదిలే ముందే "డ్రాప్‌బాక్సులో వేశారా సార్?" అని అడగండి. వారం తరవాత కొత్త బడి క్లర్కు చేత పెన్ నంబరు కొట్టించి చూడండి. పేరు కనిపిస్తే అయినట్టే.

రాష్ట్రం దాటుతుంటే టీసీ మీద విద్యాశాఖ అధికారి ప్రతిసంతకం కావాలా అని కొత్త బడిని ముందే అడగండి. కొన్ని బడులు అడుగుతాయి, కొన్ని అడగవు. సెలవులిచ్చాక తెలిస్తే జూన్ దాకా తిరగాలి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు మాత్రం ఒక రక్ష ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశం ఆపకూడదు, హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి కూడా. ఈ ముక్క మర్యాదగా చెప్తే చాలు, గొడవ అక్కర్లేదు.

బడి మార్చకపోయినా స్టడీ సర్టిఫికెట్ల సంగతి పట్టించుకోండి. పిల్లను రేపు ఆంధ్రలో ఇంజినీరింగు వైపు పంపాలనుకుంటే అక్కడి కౌన్సెలింగులో ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్టూ అడుగుతారు. స్థానికత తేల్చేది అవే. ఒడిశాలో చదివిన పిల్ల అక్కడ స్థానికేతర కిందికి వస్తుంది. అమ్మానాన్నల్లో ఒకరు ఆంధ్రలో మొత్తం పదేళ్లు నివాసమున్నట్టు పత్రం ఉంటే 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీ పడే దారి ఉంది. ఆరో తరగతి కాగితం కోసం పన్నెండు అయ్యాక వెతుక్కునే బదులు ఏటా మార్చిలో ఆ ఏటిది తీసుకుని ఫైలులో వేసేయండి. కులపత్రాల విషయంలో కూడా రెండువైపులా లెక్క వేరు. ఆంధ్రలో బీసీ-ఏ, బీ అంటూ గ్రూపులు, ఒడిశాలో వెనకబడిన తరగతులకు ఎస్‌ఈబీసీ. తాతగారి ఊళ్లో తీసుకున్న ఆంధ్ర పత్రం ఒడిశా స్కాలర్‌షిప్‌కు నడవదు. ఇక్కడి తహసీల్దారు ఇచ్చిందే కావాలి, దాన్ని ఆదాయ, నివాస పత్రాలతో కలిపి ఒకేసారి పెట్టుకోండి.

పదో తరగతి రాసిన పిల్ల ఉంటే ఇంకొకటి. ఒడిశాలో ప్లస్ టూ ప్రవేశాలు శామ్స్ పోర్టల్లో ఆన్‌లైన్లోనే. దరఖాస్తులో ఇచ్చే ఫోన్ నంబరు రెండు నెలలు మీ ఇంట్లోనే ఉండాలి. నెట్ సెంటరు కుర్రాడి నంబరు ఇస్తే ఓటీపీలన్నీ అతనికే పోతాయి.

5. రోజువారీ నడక: రాత్రి ఇరవై నిమిషాలు

ఏప్రిల్లో ఉదయం ఆరున్నర బడి అంటే పొద్దున్న వెతుకులాటకు టైముండదు. అంతా రాత్రే అయిపోవాలి. భోజనాలయ్యాక ఈ వరసలో చేయండి.

గోడ మీద రేపటి గడి పిల్ల చేతే చదివించండి. సంచి పిల్లే సర్దాలి, మీరు పక్కన కూర్చుని చూడాలి. మీరు సర్దితే మరుసటి రోజు "అమ్మ పెట్టలేదు" అన్న మాట తప్పదు. యూనిఫాం, మేజోళ్లు, ఐడీ కార్డు ఒకే కొక్కేనికి తగిలించాలి. హాల్ టికెట్టు ఉన్న రోజుల్లో అది పారదర్శక పౌచ్‌లో పెన్నులతో కలిసే ఉండాలి, ఇంకో జెరాక్స్ ఇంట్లో ఉండాలి. నీళ్ల సీసా కడిగి బోర్లించండి.

పొద్దున్న తిండికి పొయ్యి వెలిగించే పని పెట్టుకోకండి. రాత్రి వండిన అన్నంలో నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ ఉంటే చాలు. ఒడియా ఇళ్లలో పొఖాళొ అంటూ ఎండాకాలమంతా తినేది కూడా ఇదే. అయితే గది మరీ వేడిగా ఉండి అన్నం వాసన మారితే పారబొయ్యండి. పరీక్ష రోజు పొట్టతో ప్రయోగాలు వద్దు. ఆ రోజుకు ఇడ్లీయో, అటుకులో.

ఎండన పడి వచ్చిన పిల్లకు ఇంట్లో కలిపే ఉప్పు-పంచదార నీళ్ల కొలత గోడ మీదే రాసి పెట్టండి: కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు, టీ చెంచాతో తలకొట్టిన పంచదార ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలుకన్నా కీడే. రుచి చూడండి, కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే ఒలకబోసి మళ్లీ కలపండి. ఒళ్లు కాలిపోతూ పిల్ల మాట తడబడుతుంటే ఈ నీళ్లతో కాలక్షేపం చేయకుండా తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఆసుపత్రికి వెళ్లండి.

ప్రాజెక్టులు, చార్టులు, వార్షికోత్సవం వేషాల గురించి ఒక్క మాట. చార్టు కాగితాలు ఐదు, జిగురు, రంగు కాగితాలు ఫిబ్రవరిలోనే కొని మంచం కింద పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి "రేపు చార్టు కావాలి" అన్నప్పుడు కొట్లు కట్టేసి ఉంటాయి.

6. పాత పుస్తకాలు, కొత్త పుస్తకాలు

మార్చి నెలాఖరుకూ ఏప్రిల్ మొదటి వారానికీ మధ్య మీకు నాలుగైదు రోజులే దొరుకుతాయి. అప్పుడే రెండు అట్టపెట్టెలు తీయండి.

మొదటి పెట్టె మీద "ఉంచేవి" అని రాయండి. లెక్కలు, సైన్సు పాఠ్యపుస్తకాలు, వ్యాకరణాలు, మ్యాపులు. ముందు తరగతి లెక్కలు పునాది కాబట్టి ఒక ఏడాది వెనకటివి చాలు, అంతకన్నా పాతవి వద్దు. రెండో పెట్టె "ఇచ్చేవి". కింది తరగతి పిల్లకు ఇవ్వాలంటే ఏప్రిల్ మొదటి వారంలోనే ఇచ్చేయాలి. జూన్లో ఇస్తే వాళ్లు అప్పటికే కొనేసి ఉంటారు. ఆంధ్రలో ఉన్న చుట్టాల పిల్లల కోసం దాచకండి, రాష్ట్ర బోర్డుల పుస్తకాలు వేరు. రెండువైపులా సీబీఎస్‌ఈ అయి, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలైతే పనికొస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ కూడా ఈమధ్య తరగతుల వారీగా కొత్త పుస్తకాలు తెస్తోంది కాబట్టి అట్ట మీద ముద్రణ సంవత్సరం చూసి ఇవ్వండి.

నోటుబుక్కులు, జవాబుపత్రాలు కబాడీవాడికి వేసే తొందర వద్దు. ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చి మార్కులు సరిపోయాయని చూశాకే. మార్కుల్లో తేడా వస్తే జవాబుపత్రం లేకుండా అడగలేరు. ఏప్రిల్ నెలాఖరు దాకా ఒక గోనెసంచిలో ఉంచితే చాలు.

కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం ఒక రాత్రి పని కాదు. రోజుకు రెండు. పిల్లకు చేతనైతే పిల్లకే వదిలేయండి, వంకరగా వచ్చినా ఫర్వాలేదు.

7. ఊరికి ప్రయాణం

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరు నుంచి ఇదే లెక్క, అంతకుముందు 120. కాబట్టి మే మొదటి వారం టికెట్టుకు మార్చి మొదటి వారంలో, అంటే సరిగ్గా పరీక్షల మధ్యలో, కూర్చోవాలి. ఆ తేదీని కూడా క్యాలెండర్లో ఎర్రగా రాయండి.

ఏ తేదీకి తీసుకోవాలి? బడి ప్రకటించిన సెలవు తేదీకి రెండు రోజులు తరవాతికి తీసుకోండి. ఎండల వల్ల సెలవులు ముందే ఇచ్చినా మీకు నష్టం లేదు, ఇంట్లో నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుంటారు. ముందుకు తీసుకుంటే బడి ఎగ్గొట్టాలి, కొత్త తరగతి మొదట్లోనే పాఠాలు పోతాయి. అమ్మమ్మగారి ఊళ్లో పిల్లలు కలవాలనుకుంటే మే నెల మంచిది. అప్పటికి రెండు రాష్ట్రాల పిల్లలకూ సెలవులే. తిరుగు టికెట్టు జూన్ 10 లోపే తీసుకోండి. ఒడిశా బడి జూన్ మూడో వారంలో తెరిచినా అవతలి పిల్లలు 12నే బడికి పోతారు, మీ పిల్లలు ఒంటరిగా కూర్చుని ఫోన్లు చూస్తారు.

8. మీ బుర్ర సంగతి

మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజుకు ఒక్క బయటి పనే పెట్టుకోండి. బ్యాంకైతే బ్యాంకు, తహసీల్ అయితే తహసీల్. రెండూ ఒకే పొద్దున పెట్టుకుంటే ఒకటి తప్పకుండా మధ్యాహ్నం ఎండలో పడుతుంది.

పనులు పేరు పెట్టి పంచండి. "మీరూ కాస్త చూసుకోండి" అన్నది పని అప్పగించడం కాదు. "ఫీజు ఎరుపు తేదీ మీది, టీసీ నాది, సంచి పిల్లది" అన్నది అప్పగించడం. అప్పగించాక మధ్యలో లాక్కోకండి. ఆయన ఫీజు 17న కాక 19న కట్టినా గడువు 20 కాబట్టి కొంప మునగదు. ఆ మూడు రోజులు అందుకే ఉంచాం.

ఆవకాయ ఫలితాల వారంలో పెట్టకండి. కాయ మే దాకా దొరుకుతుంది. వడియాలు, అప్పడాలు కూడా మేలోనే. ఇది మాత్రం అత్తగారితో ముందే చెప్పి ఒప్పించాలి, మార్కెట్లో కాయలు చూసి వచ్చేశాక ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమెకు క్యాలెండర్లో ఒక రంగు ఇచ్చి ఆవకాయ రోజు ఆమె చేతే రాయిస్తే ఇంకా బేగి ఒప్పుకుంటారు.

బడి వాట్సాప్ గ్రూపును రోజుకు రెండుసార్లే తెరవండి: బడి వదిలాక ఒకసారి, రాత్రి సంచి సర్దేముందు ఒకసారి. మిగతా టైములో మ్యూట్. "నా పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయంటే" అని మొదలయ్యే సందేశాలకు జవాబివ్వాల్సిన పని లేదు.

ఆదివారం సరిచూపు

పది నిమిషాలు. కింది ప్రశ్నలకు జవాబు "అవును" కాకపోతే ఆ పని సోమవారం గడిలోకి వెళ్తుంది.

- వచ్చే ఏడు రోజుల గడుల్లో ప్రతి పని పక్కనా ఒక మనిషి రంగు ఉందా? రంగు లేని పని ఎవరూ చేయరు.
- దాటిపోయిన ఎరుపులన్నీ కొట్టేశారా?
- కట్టిన ప్రతి ఫీజుకూ రసీదు ఫైలులో ఉందా? ఫోన్లో డబ్బు పంపినవైతే స్క్రీన్‌షాట్ చాలదు, లావాదేవీ నంబరు నోటుబుక్కులో ఉండాలి.
- పేరు పేజీలో ఎర్ర గీతలు పోయినవారం కన్నా తగ్గాయా?
- అసలు కాగితాలన్నీ ఇంటికి తిరిగొచ్చాయా? బడికి అసలువి చూపించి నకళ్లు ఇవ్వాలి. ఇచ్చి రావలసి వస్తే రసీదు అడగండి.
- పిల్ల రాత్రి తొమ్మిదిన్నర లోపు పడుకుంటోందా? ఆరున్నర బడికి అది దాటితే కష్టం.

రెండు ఆదివారాలు వరసగా మూడు కన్నా ఎక్కువ పనులు మిగిలిపోతే మీరు నెమ్మదిగా ఉన్నారని కాదు, గోడ మీద ఎక్కువ రాశారని. ఒకదాన్ని జూన్‌కు తోసేయండి. స్టడీ సర్టిఫికెట్టు, పేరు దిద్దుబాటు తప్ప దేన్నైనా తోయొచ్చు.

జూన్లో బడి తెరిచాక ఆ గోడ క్యాలెండరు పేజీలను చింపేయకండి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉన్న ఐదు పేజీలూ మడిచి ఫైలు ఇరవయ్యో జేబులో పెట్టండి. ఏ పని ఎన్ని రోజులు పట్టిందో, ఏ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగారో పక్కన పెన్సిలుతో రాసి ఉంచితే, వచ్చే ఫిబ్రవరి ఆదివారం ఆ ముప్పావు గంట పావుగంటకు తగ్గుతుంది.